ఛాతీ గుంటను సరిచేసిన హస్తవాసి

కొంతమంది అమ్మాయిలకు రెండు రొమ్ముల మధ్య ఉండే ఎముక లోపలికి దిగిపోయి, గిన్నె పెట్టి నొక్కినట్టు గుంట కనిపిస్తుంది. చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. పెద్దమనిషి అయ్యే వయసులో, ఒళ్లు గబగబా ఎదిగేటప్పుడు ఆ గుంట ఇంకా లోతవుతుంది. ఓణీ మాటున, చున్నీ మాటున దాచుకుంటారే తప్ప కన్నతల్లికి కూడా చెప్పుకోరు. రొమ్ములు చిన్నవిగా ఉన్నాయనో, ఒకటి పెద్దది ఒకటి చిన్నది అనో ఏ పెళ్లీడులోనో డాక్టరు దగ్గరికి వెళ్తే అప్పుడు తెలుస్తుంది, లోపం రొమ్ముల్లో లేదు, వాటి కింద ఉన్న ఎముకలో ఉందని!

ఈ ఎముకను సరిచేయవచ్చని చేసి చూపిన తొలితరం డాక్టర్లలో ముఖ్యుడు జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ సావర్‌బ్రుక్. ఎంత గొప్ప హస్తవాసి ఉన్న మనిషో, ఆ చేతులను ఎప్పుడు ఆపాలో తెలియక అంత బాధా మిగిల్చిన మనిషి. ఆయన కథ మన ఆడవాళ్లు తెలుసుకోవలసిందే.

చెప్పుల అంగడి నుంచి

సావర్‌బ్రుక్ 1875 జూలై 3న జర్మనీలోని బార్మెన్ పట్టణంలో పుట్టారు. రెండేళ్ల వయసులోనే తండ్రి క్షయతో పోయారు. తల్లి పుట్టింటికి చేరింది. తాతగారు చెప్పులు కుట్టే పనివాడు. ఆయన అండతోనే పిల్లవాడు పెరిగాడు. విచిత్రం ఏమిటంటే, జర్మన్ భాషలో ఈ గుంట ఛాతీకి చెప్పులు కుట్టేవాడి ఛాతీ అనే పేరు ఉంది. చెప్పును ఎదకు ఆనించుకుని కుట్టీ కుట్టీ గుంట పడుతుందని వెనకటివాళ్లు అనుకునేవారు. అది నిజం కాదు. పక్కటెముకలను మధ్య ఎముకతో కలిపే మెత్తని మృదులాస్థి సరిగా పెరగకపోవడం వల్ల ఆ ఎముక లోపలికి నెట్టుకుపోతుంది. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కూడా వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి చేసిన పొరపాటు ఇందులో ఏమీ లేదు.

తలుపు తెరిచిన గది

ఆ రోజుల్లో డాక్టర్లు కడుపు కోసేవారు గానీ ఛాతీ జోలికి వెళ్లేవారు కాదు. ఛాతీ తెరిస్తే బయటి గాలి లోపలికి చొరబడి, గాలి తీసిన బుడగలా ఊపిరితిత్తి ముడుచుకుపోయేది. 1903లో బ్రెస్లా నగరంలో మికులిచ్ అనే పెద్ద సర్జన్ దగ్గర చేరిన సావర్‌బ్రుక్‌కు ఈ చిక్కు విప్పే పని దొరికింది. ఆయన ఒక గదిని తయారు చేయించారు. రోగి ఒళ్లంతా గదిలో, తల మాత్రం బయట. ఆపరేషన్ చేసేవాళ్లు కూడా ఆ గదిలోనే. లోపల గాలి ఒత్తిడి తగ్గిస్తారు కనుక ఛాతీ తెరిచినా ఊపిరితిత్తి ముడుచుకోదు. 1904లో ఈ పద్ధతిని బెర్లిన్‌లో జరిగిన సర్జన్ల మహాసభలో చూపించారు. తరవాత గొంతులో గొట్టం వేసి గాలి పంపే పద్ధతి వచ్చి ఆ గది మూలన పడింది. అయినా మూసి ఉన్న ఒక తలుపు తెరుచుకుంది.

గడియారాల ఫ్యాక్టరీ కుర్రాడు

1910లో సావర్‌బ్రుక్ స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌కు ప్రొఫెసర్‌గా వెళ్లారు. 1913లో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆపరేషన్ చేశారు. వాళ్లది గడియారాల ఫ్యాక్టరీ. ఛాతీ గుంట లోతుగా ఉండడంతో ఏ పనీ చేయలేడు, కాస్త శ్రమపడితే ఆయాసం. సావర్‌బ్రుక్ ఎడమవైపు వంకర తిరిగిన మృదులాస్థులనూ, వాటి పక్కనున్న మధ్య ఎముకలో కొంత భాగాన్నీ తొలగించారు. మూడేళ్ల తరవాత అదే కుర్రాడు రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు అలుపు లేకుండా పని చేయగలిగాడు.

అయితే ఎముక తీసిన చోట గుండెకు రక్షణ తగ్గిపోయింది. ఆ లోటు గమనించి ఆయన పద్ధతి మార్చారు. రెండువైపులా మృదులాస్థులు తొలగించి, మధ్య ఎముకను తీసేయకుండా విరిచి పైకి లేపి, బయటినుంచి లాగి పట్టి ఉంచేవారు. కొన్ని వారాలు అలా ఉంచితే ఎముక కొత్త చోట కుదురుకునేది. తరవాతి సర్జన్లు ఎంతోమంది నడిచింది ఆ దారిలోనే.

మొదటి ప్రపంచయుద్ధంలో చేతులు తెగిన సైనికులకు, మిగిలిన కండరాలతోనే కదిలే కృత్రిమ హస్తాన్ని కూడా ఆయన రూపొందించారు. 1918లో మ్యూనిక్, ఆ పైన బెర్లిన్‌లోని పేరున్న షారిటే ఆసుపత్రి. ఆయన పేరు యూరప్ అంతటా మోగిపోయింది.

వెలుగు పక్కన చీకటి

ఇక్కడ కథ ఆపేస్తే బావుండేది. కానీ జరిగింది చెప్పాలి కదా! 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాక సావర్‌బ్రుక్ ఆ ప్రభుత్వానికి బహిరంగంగా మద్దతు పలికారు. పార్టీలో చేరలేదు గానీ పదవులూ, 1937లో జాతీయ బహుమతీ తీసుకున్నారు. పరిశోధనలకు డబ్బు మంజూరు చేసే మండలిలో వైద్య విభాగానికి ఆయనే పెద్ద. నిర్బంధ శిబిరంలో ఖైదీలపై విషవాయువు ప్రయోగాలకు ఆ దారినే డబ్బు అందింది. రావెన్స్‌బ్రుక్ శిబిరంలోని ఆడఖైదీల కాళ్లకు కావాలని గాయాలు చేసి మందులు పరీక్షించిన సంగతి 1943లో డాక్టర్ల సభలో వివరించినప్పుడు, ఆ సభలో సావర్‌బ్రుక్ కూడా ఉన్నారు.

అదే మనిషి యూదు చిత్రకారుడు మాక్స్ లీబర్‌మన్ 1935లో చనిపోతే, చాలామంది భయపడి ముఖం చాటేసినా అంత్యక్రియలకు వెళ్లారు. మానసిక రోగులను చంపే పథకం గురించి తెలిసి 1940లో మంత్రికి అభ్యంతరం చెప్పారు. ఒక్క మనిషిలో ఇన్ని ముఖాలా అని ఆశ్చర్యం వేస్తుంది. మేలు చేసే చేతులున్నంత మాత్రాన మనసు ఎప్పుడూ మేలువైపే ఉంటుందని చెప్పలేం.

యుద్ధం అయ్యాక వయసు మీదపడింది. జ్ఞాపకం మసకబారింది. ఆపరేషన్లలో తప్పులు దొర్లాయి, ప్రాణాలు పోయాయి. చుట్టూ ఉన్నవాళ్లకు తెలుసు. కానీ అంత పెద్దాయనకు ఎవరు చెబుతారు? మొహమాటం కొద్దీ, భయం కొద్దీ నోరు విప్పలేదు. చివరికి 1949 డిసెంబరులో ఆయనను ఆసుపత్రి నుంచి తప్పించారు. ఆ తరవాత కూడా బయట కత్తి పట్టారు. 1951 జూలై 2న, డెబ్బయ్యారో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు కన్నుమూశారు. ఆయన షారిటే వదిలిన 1949లోనే అమెరికాలో రావిచ్ అనే సర్జన్ గుంట ఛాతీకి మెరుగైన ఆపరేషన్ పద్ధతిని ప్రచురించారు.

మరి మన అమ్మాయిల సంగతి?

సావర్‌బ్రుక్ చూసింది ఊపిరిని. ఆడపిల్లకు ఊపిరితో పాటు రూపం బెంగ కూడా ఉంటుంది. అది అహంకారం కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. ఎముక వాలుగా ఉంటే రొమ్ములు కూడా మధ్యకు ఒరుగుతాయి. ఒకవైపే లోతుగా ఉంటే ఆ వైపు రొమ్ము చిన్నదిగా కనిపిస్తుంది.

1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మొదటిసారి సిలికాన్ ఇంప్లాంట్లతో రొమ్ములు పెంచే ఆపరేషన్ జరిగింది. ఆ తరవాత చాలామందికి ఇదే దగ్గరి దారిగా తోచింది. గుంట కొద్దిగానే ఉండి, ఆయాసం, గుండెదడ లాంటివి లేకపోతే ఇంప్లాంట్లతోనే లోపం కప్పడిపోవచ్చు. లోతు ఎక్కువగా ఉంటే మాత్రం ఇంప్లాంట్లు కూడా వాలు వెంట మధ్యకే జారినట్టు కనిపిస్తాయి, గుంట గుంటగానే ఉంటుంది. అలాంటివారికి ముందు ఎముక సంగతి చూసుకుని, రొమ్ముల మాట తరవాత ఆలోచించడం మేలు.

ఎముక సరిచేయడానికి ఇప్పుడు పెద్ద కోత కూడా అవసరం లేని పద్ధతి ఉంది. అమెరికా సర్జన్ డొనాల్డ్ నస్ 1998లో ప్రచురించిన ఈ పద్ధతిలో రెండు పక్కల చిన్న కోతలు పెట్టి వంచిన లోహపు కడ్డీని లోపలికి పంపి ఎముకను పైకి లేపుతారు. రెండుమూడేళ్ల తరవాత కడ్డీ తీసేస్తారు. గుండెకు దగ్గరగా చేసే పని కాబట్టి అనుభవం ఉన్నవారి చేతిలోనే జరగాలి. ఊపిరికి ఇబ్బంది లేక రూపమే బెంగ అయినవారికి, వారి గుంట కొలతకు చేసిన సిలికాన్ అచ్చును కండరం కింద అమర్చే పద్ధతీ ఉంది.

కాబట్టి అమ్మలూ, మీ అమ్మాయి ఎప్పుడూ భుజాలు ముందుకు వంచి నడుస్తుంటే, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే ఒక్కసారి మెల్లగా అడగండి. ముందు ఛాతీ డాక్టరుకు చూపించండి. స్కాన్ తీస్తే లోతు ఎంతో, గుండె మీద ఒత్తిడి ఉందో లేదో తెలుస్తుంది. ఆపరేషన్ అవసరం లేనివారు చాలామందే ఉంటారు. ఇంప్లాంట్లు పెట్టించుకోదలిస్తే అవి జీవితాంతం ఉండేవి కావనీ, మళ్లీ మార్చాల్సి రావచ్చనీ ముందే తెలుసుకోండి.

డాక్టరు పేరు ఎంత పెద్దదైనా, ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారు, తేడా వస్తే ఏం చేస్తారు అని అడగడానికి మొహమాటపడకండి. సావర్‌బ్రుక్ చుట్టూ ఉన్నవాళ్లు అలా మొహమాటపడ్డందుకే కొందరు రోగులు ప్రాణాలతో చెల్లించుకున్నారు.