దక్కను కవయిత్రి మహలఖా బాయి చందా

పాఠకులకు ముందుగా ఒక చిన్న సంగతి మనవి చేసుకొంటాము. మేము ఉర్దూ చెప్పుకునే పంతుళ్లం. పై తరగతి ఆడపిల్లలను ఏటా ఒక ప్రశ్న అడగడం మాకు అలవాటు. ఉర్దూలో పేరున్న కవులను చెప్పండి అంటే మీర్, గాలిబ్, ఇక్బాల్ అని గడగడా చెప్పేస్తారు. ఆడవాళ్లలో ఒక్క కవయిత్రి పేరు చెప్పండమ్మా అంటే మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకొంటారు. తప్పు పిల్లలది కాదు. మేము చెప్పలేదు, ఇళ్లలోనూ ఎవరూ చెప్పలేదు. అందుచేత ఈ ఏడు సంచికలో ఒక కవయిత్రి జీవితం రాయాలని అనుకొన్నాము.

మన శృంగవరపుకోట వాళ్లు విశాఖలో రైలెక్కి కాజీపేట మీదుగా హైదరాబాదు వెళ్తూ ఉంటారు కదా. సికింద్రాబాదు ఇంకా కాస్త దూరం ఉందనగా మౌలాలి అనే స్టేషను వస్తుంది. అప్పటికి అందరూ పెట్టెలు, సంచులు సర్దుకొనే హడావిడిలో ఉంటారు. ఆ ఊళ్లో హజ్రత్ అలీ పేర వెలసిన గుట్ట ఒకటి ఉంది. ఆ గుట్ట దిగువన ఒక తోటలో తల్లీ కూతుళ్ల సమాధులు ఉన్నాయి. ఆ కూతురే మహలఖా బాయి చందా.

ఆమె 1768లో పుట్టింది. అంతకు రెండేళ్ల ముందే, 1766లో, నిజాం అలీఖాన్ మన చికాకోలు సర్కారుతో సహా ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి వదులుకొన్నాడు. అంటే మన తాతముత్తాతలు ఏ సర్కారు కింద ఉండి చేయి మారారో, ఆ సర్కారు రాజధానిలోనే ఈమె పెరిగిందన్నమాట.

ఆమె కుటుంబం కథ వింటే మనసు కలుక్కుమంటుంది. అమ్మమ్మది గుజరాత్ దేశం. ఆవిడ పేరు కూడా చందాయే. భర్త అహ్మదాబాదులో సుంకాల ఉద్యోగి. సర్కారు సొమ్ము విషయంలో చిక్కుల్లో పడి, పెళ్లాం పిల్లలను వదిలేసి పారిపోయాడు. ఆ ఇల్లాలు చంటిపిల్లలతో ఊళ్లు పట్టుకు తిరిగింది. కూతుళ్లు పొట్ట గడవడానికి ఆటపాట నేర్చుకొన్నారు. మాళ్వా, బుర్హాన్‌పూర్ మీదుగా ఫౌజుల వెంట దక్కనుకు చేరి, చివరికి హైదరాబాదులో స్థిరపడ్డారు. ఆ కూతుళ్లలో ఒకామె రాజ్ కున్వర్. ఆమెకూ, బహాదుర్ ఖాన్ అనే మన్సబ్‌దారుకూ పుట్టిన బిడ్డ మన చందా. అమ్మమ్మ పేరే మనవరాలికి పెట్టుకొన్నారు.

చందా అక్క మెహతాబ్ ఆనాటి దివాను రుక్నుద్దౌలా ఇంట ఉండేది. ఆమెకు పిల్లలు లేరు. చెల్లెలినే కూతురిగా చేసుకొని పెంచింది. ఆ ఇంట్లో పుస్తకాలు ఉన్నాయి, చదువు చెప్పే ఉస్తాదులు ఉన్నారు, పండితుల రాకపోకలు ఉన్నాయి. పిల్లకు ఏది కావాలంటే అది నేర్పారు. రుక్నుద్దౌలా 1775లో హత్యకు గురి అయ్యేనాటికి చందాకు ఏడేళ్లు. పెద్ద దిక్కు పోయినా చదువు మాత్రం ఆగలేదు. ఈ ఒక్క మాట తల్లిదండ్రులు గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాము.

కవిత్వంలో ఆమెకు గురువు షేర్ మొహమ్మద్ ఖాన్ ఈమాన్. సంగీతంలో ఖుష్‌హాల్ ఖాన్. ఈయన తాన్‌సేన్ వంశీకుడని చెబుతారు. గుర్రపుస్వారీ, విలువిద్య, ఈటె విసరడం కూడా నేర్చింది. నిజాం అలీఖాన్ యుద్ధయాత్రలకు బయల్దేరినప్పుడు మగవేషం వేసుకొని, గుర్రమెక్కి వెంట వెళ్లేదని చరిత్రకారులు రాశారు. నిజాం ఆమెను దర్బారు ఉమరాలలో చేర్చుకొని, మహలఖా అని బిరుదు ఇచ్చాడు. మాహ్ అంటే చంద్రుడు, లఖా అంటే ముఖం. చంద్రముఖి అని అర్థం. జాగీర్లు ఇచ్చాడు. బయటికి వెళ్లినప్పుడు ముందు నగారా మోగించుకొనే మర్యాద కూడా ఇచ్చాడు. ఆ రోజుల్లో అది పెద్ద పెద్ద నవాబులకు దక్కే గౌరవం. రాజ్య వ్యవహారాల్లో ఆమె మాటకు విలువ ఉండేది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆమె దర్బారు నర్తకి. గాయని. పెళ్లి చేసుకోలేదు. ఈ సంగతి వల్లనే మన పెద్దల్లో చాలామంది ఆమె పేరు పిల్లల ముందు ఎత్తరు. ఆ సంకోచం మాకూ ఉండేది. అయితే మనం విజయనగరం పక్కనున్న వాళ్లం. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది ఆ ఊళ్లోనే. అందులో మధురవాణి వేశ్యే కదా, మరి పెద్దమనుషులందరికంటె బుద్ధి, దయ ఎక్కువ ఉన్నది ఎవరికని అడిగితే మన ప్రాంతం వాళ్లు తడుముకోకుండా ఆమె పేరే చెబుతారు. చందా వృత్తిని మెచ్చుకోమని మేము అనడం లేదు. అమ్మమ్మను భర్త నడిబజార్లో వదిలేస్తే వచ్చిన వృత్తి అది. ఆ వృత్తిలో ఉండి కూడా ఆమె ఏం సాధించిందో చూడమని అడుగుతున్నాము.

ఆమె సాధించిన వాటిలో మొదటిది ఆమె దీవాన్. ఒక కవి గజళ్లన్నిటినీ, పంక్తి చివరి అక్షరం వరుసలో అలీఫ్ నుంచి యే దాకా కూర్చిన గ్రంథాన్ని దీవాన్ అంటారు. చెదురుమదురుగా నాలుగు గజళ్లు రాసేవాళ్లు చాలామంది ఉంటారు. దీవాన్ ఉంటేనే పూర్తి కవి అని లెక్క. చందా దీవాన్‌లో 125 గజళ్లు ఉన్నాయి. ప్రతి గజల్‌లోనూ సరిగ్గా ఐదేసి షేర్లు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. చివరి షేర్‌లో తన కలం పేరు చందా. హజ్రత్ అలీ మీద ఆమెకున్న భక్తి కూడా ఆ చివరి షేర్లలోనే కనబడుతుంది. ఏదో తోచినప్పుడు పాడుకొన్న పాటల మూట కాదది. ముగ్గు వేసే ఇల్లాలు ముందు చుక్కలు లెక్కపెట్టుకొన్నట్టు, లెక్క కట్టి చేసిన పని.

1799లో ఆమె ఆ దీవాన్ ప్రతి ఒకటి కెప్టెన్ జాన్ మాల్కం అనే ఇంగ్లీషు అధికారికి బహుమానంగా ఇచ్చింది. ఆ ప్రతి సముద్రాలు దాటి లండన్ చేరింది. అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది.

ఉర్దూలో దీవాన్ కూర్చిన మొట్టమొదటి స్త్రీ చందాయేనని చాలాకాలం పుస్తకాల్లో రాసేవారు. తరువాత పరిశోధకులు మరొకామెను వెలికి తీశారు. ఆమె పేరు లుత్ఫున్నీసా ఇమ్తియాజ్. ఆమెది కూడా హైదరాబాదే. ఇమ్తియాజ్ దీవాన్ 1797 నాటిది. అంటే చందా కంటె ముందే ఒక ఇల్లాలు ఆ పని చేసింది, కాని లోకానికి చాలాకాలం తెలియలేదు. కవిత్వంలో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్నది మా వాదన కాదు. ఇద్దరూ రాశారు. ఒకరి పుస్తకం పదిమంది చేతుల్లో పడింది, ఒకరిది మూలన ఉండిపోయింది. తేడా అంతే. ఆ మూలన ఉన్నది కూడా కాగితం మీద ఉంది గనుక ఎప్పటికైనా దొరికింది. కాగితం మీదకు రానివి ఎన్ని పోయాయో లెక్కే లేదు.

చందాకు ఈ సంగతి బాగా తెలుసునని ఆమె చేసిన పనులను బట్టి మాకు అనిపిస్తుంది. ఆమె సొంతాన పెద్ద గ్రంథాలయం కూర్చుకొన్నది. గులాం హుసేన్ ఖాన్ జౌహర్ అనే పండితుడి చేత దక్కను చరిత్రను ఫార్సీలో రాయించింది. ఆమె పేరు మీదుగా దాన్ని మాహ్‌నామా అంటారు. రాజుల చరిత్ర రాజులు రాయించుకొంటారు. ఒక స్త్రీ పూనుకొని చరిత్ర రాయించడం, అందులో తన కుటుంబం కథకు కూడా చోటు ఉండేలా చూడటం సామాన్యమైన సంగతి కాదు. అమ్మమ్మ పడ్డ కష్టాలు ఈనాడు మనకు తెలుస్తున్నాయంటే ఆ చలవే.

తల్లి పోయిన తరువాత 1792లో మౌలాలి గుట్ట దిగువన ఆమెకు సమాధి కట్టించి, చుట్టూ తోట వేయించింది. గుట్టకు వచ్చే జనం కోసం నగారాఖానా కట్టించింది, బావులు తవ్వించింది. ఆడపిల్లలను చేరదీసి పెంచి, విద్యలు నేర్పించింది. 1824లో, 56 ఏళ్ల వయసులో కాలం చేసి, తల్లి పక్కనే విశ్రమించింది. తన ఆస్తి దిక్కులేని ఆడవాళ్లకు చెందాలని రాసిపోయిందని చెబుతారు. చాలాకాలం పాడుబడి ఉన్న ఆ సమాధి తోటను 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ సాయంతో బాగుచేశారు.

ఆమె జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తరువాత ఆ నేల మీదికే వచ్చింది. మన జిల్లాల నుంచి కూడా ఆడపిల్లలు అక్కడికి వెళ్లి చదువుకొన్నారు. ఒకనాడు ఒక కవయిత్రికి జాగీరుగా ఉన్న నేల మీద తాము నడుస్తున్నామని వాళ్లలో ఎంతమందికి తెలుసునో! ఆ హైదరాబాదులోనే, చందా పోయిన నూరేళ్ల పైచిలుకుకు, 1934లో సుగ్రా హుమాయూన్ మీర్జా అనే రచయిత్రి ఆడపిల్లల కోసం సఫ్దరియా పాఠశాల పెట్టింది. ఒక దీపం నుంచి మరొక దీపం వెలగడం అంటే ఇదే.

ఇప్పుడు మన ఊరి మాటకు వద్దాము. కొన్నేళ్ల కిందట మా తరగతిలో ఒక అమ్మాయి లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో షేర్లు రాసుకొనేది. ఒకసారి భయపడుతూనే మాకు చూపించింది. తప్పులు దిద్దాము, శభాష్ అన్నాము, పుస్తకం తిరిగి ఇచ్చేశాము. పదో తరగతి కాగానే పెళ్లయింది. తరువాత ఎప్పుడో వాళ్ల నాన్న కనబడితే ఆ పుస్తకం సంగతి అడిగాము. పాత పుస్తకాలన్నీ చిత్తుకాగితాల వాడికి వేసేశాం మాస్టారూ అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. అందులో ఏముందో ఆయనకు తెలియదు. తెలిసింది మాకు. ఆ నాలుగు పేజీలు మేము తిరగ రాసి పెట్టుకొని ఉంటే ఏం పోయేది? ఆ పశ్చాత్తాపమే మా చేత ఈ వ్యాసం రాయించింది.

అలాగే పెళ్లిళ్లలో ఢోలక్ వాయిస్తూ మన నానీలు, దాదీలు పాడే పాటలున్నాయి. సగం ఉర్దూ, సగం మన ఊరి తెలుగు. ఒక్కొక్క ముసలమ్మ కన్నుమూసినప్పుడల్లా పాతిక ముప్పై పాటలు ఆమెతోపాటే మట్టిలో కలిసిపోతున్నాయి.

కాబట్టి సంఘ సభ్యులకు మా విన్నపం ఇది. చందా వలె సమాధులు, తోటలు కట్టించే స్తోమత మనకు లేదు. ఇంటికొక నోటుబుక్కు కొనే స్తోమత ఉంది. సెలవుల్లో పిల్లలను దాదీ పక్కన కూర్చోబెట్టి ఆ పాటలు రాయించండి. పాడిన ఆమె పేరు పైన వేయండి. మీ అమ్మాయి ఏదైనా రాసుకొంటుంటే అడ్డుపడకండి, ఆ పుస్తకం పారేయకండి, వీలైతే చదువు మాన్పించకండి. వచ్చే సంచికలో నాలుగు పేజీలు వాళ్ల రాతలకే కేటాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాము. తిరగ రాసే పని, దిద్దే పని మేము చేసిపెడతాము. ఈసారి మాత్రం పుస్తకం ఊరికే తిరిగి ఇచ్చేయము.