ఎట్టయపురపు సుబ్బరామ దీక్షితులు

మన దేశమున సంగీతవిద్య చిరకాలము గురుముఖముననే నిలిచినది. శిష్యుడు గురువుగారి యింట ఏండ్ల తరబడి శుశ్రూష చేసి, ఆయన పాడగా విని కంఠస్థము చేసికొనవలసినదే. ఈ పద్ధతికి గుణములు లేకపోలేదు. కాని తగిన శిష్యుడు దొరకని గురువు గతించినచో విద్యయు ఆయనతోనే గతించెడిది. వంశపారంపర్యముగా వచ్చిన కృతులను పరులకు చెప్పుటకు విద్వాంసులు వెనుకాడెడివారు. దానిని లోభమని కొట్టివేయుట న్యాయము కాదు. విద్యయే జీవనాధారమైన వానికి అది పొలము వంటిది. అట్టి కట్టుబాటులో పెరిగి, అరువదేండ్లు దాటిన పిమ్మట తన వంశధనమును అచ్చొత్తించి లోకమునకు అర్పించినవారు సుబ్బరామ దీక్షితులు.

వీరు 1839లో తిరువారూరున జన్మించిరి. ముత్తుస్వామి దీక్షితులకు తమ్ముడును, కర్ణాటక సంగీతమున ఫిడేలు వాద్యమును ప్రవేశపెట్టిన ఘనుడును అగు బాలుస్వామి దీక్షితులు వీరికి మాతామహులు. ఆయన ఎట్టయపురము ఆస్థానమున విద్వాంసులు. మనుమనినే దత్తత చేసికొని, గాత్రమును వీణను నేర్పిరి. పదునేడవ యేట బాలుడు దర్బారు రాగమున వర్ణమును కూర్చి ప్రభువునకు వినిపించగా, ఇది తాతగారి చేయూతతో కూర్చినది కాదు గదా యని ప్రభువునకు సందేహము కలిగినదట. వేరొక రాగమున మరల రచింపుమని ఆజ్ఞ యయ్యెను. బాలుడు రచించి మెప్పుపొందెను. తరువాత ఆ ఆస్థానమే వీరికి జీవితకాలపు నెలవు.

ఇక మద్రాసున చిన్నస్వామి మొదలియారు అను సంగీతప్రియు డొకరుండిరి. క్రైస్తవుడు, ప్రభుత్వోద్యోగి. మన పాటలను పాశ్చాత్య స్వరలిపిలో నిలుపవలెనని పూనుకొని, త్యాగరాజ కృతులను వాలాజాపేట శిష్యుల వద్ద సేకరించి, 1893 నుండి ప్రకటింపసాగిరి. ముత్తుస్వామి దీక్షితుల కృతులకై సుబ్బరామ దీక్షితుల నాశ్రయించిరి. దీక్షితులు తటపటాయించిరి. మొదలియారుకు ఆరోగ్యము చెడినది, చూపు మందగించినది, అయినను పట్టు విడువలేదు. 1899లో నూతన ప్రభువు పట్టాభిషేక సమయమున ఎట్టయపురము చేరి, ఈ విద్య అంతరించిపోకుండ గ్రంథము వ్రాయింపుడని ఆ ప్రభువునే ప్రార్థించిరి. రాజాజ్ఞ యైన పిమ్మట దీక్షితులు వెనుకకు చూడలేదు. మొదలియారు మాత్రము ఆ గ్రంథమును కన్నులార చూడకుండగనే గతించిరి.

సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురము విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో వెలువడినది. తమిళసీమలో పుట్టినను ఆ గ్రంథము తెలుగున వ్రాసినదే! ఆనాడు అచ్చటి సంగీతమునకు తెలుగే వ్యవహారభాష. అందు డెబ్బది రెండు మేళములు, వాని జన్యరాగముల లక్షణములు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229, డెబ్బదికి పైగా సంగీతజ్ఞుల చరిత్రలు కలవు. సంఖ్యలకన్న మిన్న స్వరలేఖనము. స రి గ మ యని వ్రాసినంత మాత్రమున రాగము పలుకదు. స్వరము ఊగవలెను, జారవలెను, నొక్కబడవలెను. కంపితము, స్ఫురితము, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు, ఒదుక్కల్, ఒరికై మున్నగు గమకములకు దీక్షితులు వేర్వేరు గుర్తులేర్పరచి అక్షరముల మీద నిలిపిరి. ఇందు పెక్కు వీణపై వ్రేలి నడకను చూపునవి. పాశ్చాత్య లిపి నుండి కూడ స్వరస్థానములను తెలుపుటకు కొన్ని చిహ్నములు గైకొనిరి. ఏ గుర్తునకు ఏమి అర్థమో ముందే వివరించిరి గనుక చదువరి తనంత తాను పరీక్షించుకొనవచ్చును.

ఇంత చేసినను సంగీతమును ఎన్నడును వినని వాడు ఈ గ్రంథమును చూచి పాడలేడు. గమకము ఎంత ఊగవలెనో గుర్తు చెప్పదు. 2011లో బార్సెలోనా నగరపు పొంపేవు ఫాబ్రా విశ్వవిద్యాలయమున మొదలైన కాంప్‌మ్యూజిక్ పరిశోధకులు కర్ణాటక సంగీతమును కంప్యూటరుతో విశ్లేషించి, తమ సాధనములను అందరికిని తెరచి యుంచిరి. నిలకడగా నిలువని స్వరమును అంకెలలో పట్టవలసివచ్చినప్పుడు వారికెదురైనదియు ఈ చిక్కే. నేడు కచ్చేరీలలో వినబడు కొన్ని కృతుల బాణీ గ్రంథపాఠముతో ఏకీభవింపదు. ఏది ప్రాచీనమను వాదము వచ్చినప్పుడు విద్వాంసులు మొదట విప్పునది ఈ పుస్తకమునే. మద్రాసు సంగీత అకాడమీ 1961 నుండి దీనిని తమిళలిపిలో సంపుటములుగా ప్రకటించినది.

గ్రంథము వెలువడిన 1904లోనే హిందూస్థానీ విద్వాంసుడు భాతఖండే దక్షిణయాత్రలో ఎట్టయపురము వచ్చి దీక్షితులను దర్శించిరి. ఉత్తరాది రాగములను పది ఠాట్లుగా విభజించినది ఆయనయే.

మరుసటి యేడు దీక్షితులు పిల్లలకై ప్రథమాభ్యాస పుస్తకమును వెలువరించిరి. 1906లో పరమపదించిరి. కుమారులు అంబి దీక్షితులు తరువాత మద్రాసు చేరి, తండ్రి వద్ద నేర్చిన పాటలను చెప్పసాగిరి. నేర్చుకొనిన వారిలో డి.కె. పట్టమ్మాళ్ ఒకరు.