నవాబ్ అలీ నవాజ్ జంగ్

బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీరానది నారాయణఖేడ్ సీమ పొలిమేరల మీదుగా ప్రవహించి, తుదకు గోదావరిలో కలియును. వానకాలమున పొంగి పొరలు నీ నది నీరు చిరకాలము రైతుల కంతగా ఉపకరింపక వ్యర్థముగా పోవుచుండెను. ఆ నీటిని నిలిపి పొలములకు మరల్చిన మేధావి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877వ సంవత్సరము జూలై 11వ తేదీన హైదరాబాదులో జన్మించెను. నిజాం కళాశాలలో చదివి, ప్రభుత్వమిచ్చిన విద్యార్థి వేతనముతో 1896లో ఇంగ్లండునకు వెళ్లి, కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించెను. 1899లో స్వదేశమునకు మరలి ప్రభుత్వోద్యోగమున ప్రవేశించి, 1918లో హైదరాబాదు రాజ్యమునకు ఛీఫ్ ఇంజనీరయ్యెను. వైరా, పాలేరు జలాశయము లాయన కాలమున వెలసినవే.

ఆయన కీర్తికి మూలస్తంభము నిజాంసాగరము. 1923లో ఆరంభమైన యీ నిర్మాణము 1931లో పూర్తియయ్యెను. 2,75,000 ఎకరములకు నీరందించుట దాని ఉద్దేశము. అయితే ఈ మేలు ఊరకే లభింపలేదు. జలాశయము కొఱకు అనేక గ్రామముల ప్రజలు తమ ఇండ్లను, పొలములను విడువవలసి వచ్చెను. కాలువలు దిగువనున్న బాన్సువాడ, బోధన్ వైపునకు సాగెను. ఎగువనున్న నారాయణఖేడ్ సీమ మాత్రము జొన్న, కంది మున్నగు మెట్టపైరులనే నమ్ముకొని యుండెను.

నీరు వచ్చినంత మాత్రమున రైతు భాగ్యవంతుడు కాడు. పండిన పంటకు తగిన వెల రావలెను. చెఱకు కోసిన పిదప ఆలస్యమైనచో రసము తఱిగి, తీపి క్షీణించును. కావున దానిని దూరప్రాంతముల కంపుట పొసగదు. కర్మాగారము పొలములకు చేరువనే యుండవలెను. నిజాంసాగరపు నీరు పాఱు ఆ ప్రాంతమున, 1937లో, బోధన్ నందు నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఆ చోటు శక్కర్‌నగర్ అను పేర ప్రసిద్ధికెక్కెను. చెఱకు నఱకువారికి, బండ్లు తోలువారికి, యంత్రములు నడుపువారికి, బస్తాలు మోయువారికి పని దొరకెను. పంట విలువలో కొంత భాగము ఆ ప్రాంతముననే నిలిచెను.

1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘమున నదులు, నీటిపారుదల ఉపసంఘమునకు నవాబుగారు అధ్యక్షత వహించెను. 1949వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన కీర్తిశేషుడయ్యెను.

కాలక్రమమున ఒండ్రు పేరుకొని నిజాంసాగరపు లోతు తగ్గగా, కట్ట ఎత్తు పెంచవలసి వచ్చెను. చక్కెర కర్మాగారము 2015లో మూతపడగా, కార్మికులు జీవనాధారమును, చెఱకు రైతులు చేరువనున్న కొనుగోలుదారుని కోల్పోయిరి. నీరు, పైరు, కర్మాగారము, అంగడి ఒకే గొలుసులోని కడియముల వంటివి. ఒక్కటి తెగినను తక్కినవి బలహీనపడును. మొదటి కడియమును నిలిపిన ఆ మహనీయుని జన్మదినమును తెలంగాణ రాష్ట్రము ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుకొనుచున్నది. తక్కిన కడియములను తెగకుండ కాపాడుకొనుట తరువాతి తరములవారి విధి.