జాన్ ఎరిక్సన్: తిరిగే బురుజు

యుద్ధనౌకల చరిత్రలో జాన్ ఎరిక్సన్ పేరు చెరగనిది. 1803లో స్వీడన్‌లో పుట్టి, 1839లో అమెరికా చేరిన ఇంజనీరు ఆయన. ప్రొపెల్లరుతో నడిచే ప్రిన్స్‌టన్ నౌకను రూపొందించాడు. 1844లో దానిపై ఒక ఫిరంగి పగిలి ఇద్దరు మంత్రులతో సహా ఆరుగురు చనిపోయారు. అది ఎరిక్సన్ చేసిన ఫిరంగి కాదు. అయినా నింద ఆయన మీదే పడింది; నౌకాశాఖ పైకం ఇవ్వలేదు. ధాన్యం తోలించుకొని డబ్బు ఎగ్గొట్టే షావుకారు సంగతి మా రైతులకు కొత్త కాదు!

1861లో అంతర్యుద్ధం వచ్చింది. దక్షిణాది వారు వర్జీనియా అనే ఇనుప తొడుగు నౌకను తయారు చేస్తుంటే, అదే నౌకాశాఖ ఎరిక్సన్ నమూనాను ఒప్పుకొంది. అప్పటిదాకా ఫిరంగులు ఎక్కువగా ఓడ ప్రక్కల బారులు తీరి ఉండేవి. గురి మార్చాలంటే ఓడనే తిప్పాలి. సాలు మార్చటానికి అరక మొత్తం తిప్పినట్లన్నమాట. ఎరిక్సన్ తన మానిటర్ నౌక మీద 20 అడుగుల గుండ్రని బురుజు పెట్టాడు. అంగుళం మందం ఇనుప రేకులు 8 పొరలు, లోపల 11 అంగుళాల ఫిరంగులు రెండు. బురుజును ఆవిరి యంత్రం తిప్పుతుంది, ఓడ కదలనక్కర లేదు.

1862 మార్చి 9న రెండు నౌకలూ సుమారు నాలుగు గంటలు పోరాడాయి. ఏదీ మునగలేదు గానీ, చెక్క యుద్ధనౌకలకు కాలం చెల్లింది. నీటికి 18 అంగుళాల ఎత్తులోనే డెక్కు ఉన్న మానిటర్ ఆ డిసెంబరు 31న తుపానులో మునిగి, 16 మంది పోయారు.

ఎరిక్సన్ 1889లో కన్నుమూశాడు. మరుసటి ఏడు ఆయన భౌతికకాయాన్ని అమెరికా యుద్ధనౌకలో స్వీడన్ పంపించారు. ఆ లాంఛనాల కన్నా, బ్రతికుండగా పాత బాకీ తీర్చి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.