పేనుబంకకు కాపలా కాసిన చార్లెస్ బోనెట్

1740 మే 20, సాయంత్రం సుమారు ఐదు గంటలు. జెనీవాలో ఇరవై ఏళ్ల యువకుడు ఒకరు అప్పుడే పుట్టిన పేనుబంక పిల్లను స్పిండిల్ అనే పొద కొమ్మపై ఉంచారు. మట్టి నింపిన కుండీలో నీటి సీసాను పాతి, అందులో ఆ కొమ్మను నిలిపి, పైన గాజు పాత్రను బోర్లించారు. మరో పురుగు లోనికి చొరబడే సందు లేకుండా దాని అంచులను మట్టిలోకి అదిమారు. ఆనాటి నుంచి తెల్లవారుజామున నాలుగైదు గంటలకే మేల్కొని, రాత్రి తొమ్మిది, పది వరకు భూతద్దంతో ఆ ఒక్క ప్రాణినే గమనిస్తూ వచ్చారు. ఆయనే చార్లెస్ బోనెట్.

బోనెట్ 1720 మార్చి 13న జన్మించారు. మతపరమైన హింస కారణంగా ఫ్రాన్స్‌ను విడిచి జెనీవా చేరిన ప్రొటెస్టెంట్ కుటుంబం వారిది. బాల్యంలోనే వినికిడి మందగించడంతో బడి మాని ఇంటివద్దే గురువు చెంత చదువుకున్నారు. ఇసుకలో గరాటు వంటి గుంత తవ్వి చీమల కోసం పొంచి ఉండే పురుగు గురించి పదహారో ఏట చదివినది ఆయన మనసును కీటకాల వైపు మళ్లించింది. తండ్రి కోరికపై న్యాయశాస్త్రం పూర్తి చేసినా, ఆసక్తి మాత్రం తోటలోనే నిలిచింది.

పేనుబంకను గుర్తించడం తోటమాలులకు ఎన్నడూ కష్టం కాలేదు. బేరిపండు ఆకారంలో మెత్తని దేహం, వెనుక భాగాన రెండు సన్నని గొట్టాలు, లేత చిగుళ్లపై గుంపులు, ఆకులపై జిగురు, ఆ తీపి కోసం చేరే చీమలు. తెలుగువారు పేనును, బంకను కలిపి పెట్టిన పేరులోనే సగం వర్ణన ఉంది. అంతుచిక్కని విషయం వేరు. ఇవి జతకట్టడం ఎవరి కంటా పడలేదు, సంతానం మాత్రం పుట్టుకొస్తూనే ఉంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త రేమూర్ ఒంటరి పేనుబంకను పెంచి చూడాలని యత్నించారు గానీ, పిల్లలు ఎదగకముందే చనిపోయాయి.

బోనెట్ పెంచినది బతికింది. నాలుగుసార్లు కుబుసం విడిచి, జూన్ 1 సాయంత్రం తొలి పిల్లను కన్నది. జూన్ 21 నాటికి పిల్లల సంఖ్య 95కు చేరింది. అన్నీ సజీవంగా పుట్టినవే. మగజీవి తోడు లేకుండా సంతానం కలుగుతుందన్న ఈ వార్త రేమూర్ ద్వారా పారిస్ అకాడమీకి చేరింది. అదే ఏడు అకాడమీ ఆయనను తన విలేఖక సభ్యునిగా స్వీకరించింది.

ఒకసారి జరిగిన కలయిక ఫలితం కొన్ని తరాల వరకు నిలుస్తుందేమోనన్న సందేహాన్ని జెనీవాకే చెందిన ట్రెంబ్లీ లేవనెత్తారు. తేలికగా కొట్టిపారేయదగిన మాటే గానీ, బోనెట్ అలా చేయలేదు. పుట్టిన ప్రతి తరం నుంచి ఒక పిల్లను వేరుచేస్తూ పదో తరం దాకా పరిశీలన సాగించారు. శరదృతువులో ఓక్ చెట్టు పేనుబంకలలో మగవాటిని, వాటి కలయికను, గుడ్లను కూడా చూశారు. ఒకే జాతి రెక్కలతోనూ, రెక్కలు లేకుండానూ కనిపిస్తుంది. వేసవిలో పిల్లలను కని, చలి సమీపించగానే గుడ్లు పెడుతుంది. రూపం చూసి జాతిని తేల్చడం నేటికీ చిక్కుగా ఉండడానికి ఇదొక కారణం. తెలుగునాట చిక్కుడు తీగపై కనిపించే నల్లని పేనుబంకకు అంతటి చలి తగలదు. అక్కడ సాధారణంగా ఏడాది పొడవునా ఆడవే ఆడవాటిని కంటూ ఉంటాయి.

1745లో ఆయన కీటకశాస్త్ర గ్రంథం వెలువడింది. అప్పటికే భూతద్దం ఆయన చూపును దెబ్బతీసింది. సూక్ష్మ పరిశీలనను విడిచి ఆకుల పనితీరుపై, ఆపై తత్త్వశాస్త్రంపై దృష్టి నిలిపారు. తాను చూసినదానికి ఆయన చెప్పిన భాష్యం మాత్రం నిలవలేదు. రాబోయే తరాలన్నీ పెట్టెలో పెట్టెలా తల్లిలో ముందే అమరి ఉంటాయని ఆయన నమ్మారు. 1760లో, చూపు క్షీణించిన తన తాతకు కనిపించిన లేని మనుషుల గురించి రాశారు. ఆ స్థితిని వైద్యులు ఇప్పుడు బోనెట్ పేరుతోనే పిలుస్తున్నారు.

జీవితపు చివరి దశాబ్దాలను సరస్సు సమీపంలోని జాంతో గ్రామంలో భార్యతో గడిపిన బోనెట్, 1793 మే 20న అక్కడే కన్నుమూశారు. పేనుబంక పిల్లపై గాజు పాత్ర బోర్లించిన రోజుకు అది సరిగ్గా 53 ఏళ్లు.