నాటకాల ఊరి స్వరకర్త ఆదినారాయణరావు

కాకినాడ: సొంతంగా సంగీత నాటకాలు కట్టి, వెండితెరపై వెలగాలని కలలుగన్న యువకళాకారులకు ఒకనాడు నెలవు కాకినాడ. అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలు రాసి, పాటలకు తానే వరుసలు కూర్చి తోటివారిచేత ఆడించినవారు పి.ఆదినారాయణరావు. ఎస్వీ రంగారావు సైతం ఆ క్లబ్బు నటులే.

పెద్దాపురంలో పుట్టిన అంజనీకుమారి ఆయన నాటకాలతోనే ప్రేక్షకులకు పరిచయమై, అనంతరం ఆయన సహధర్మచారిణి అయ్యారు. అయితే చిత్రసీమ తొలుత తలుపు తెరిచింది ఆమెకే. సి.పుల్లయ్య 1947లో ‘గొల్లభామ’లో మోహిని పాత్ర ఇచ్చి, అంజలీదేవిగా పేరు మార్చారు. నాటకాలకు ప్రాణం పోసిన భర్తకు మాత్రం సంగీత దర్శకునిగా గుర్తింపు 1950లో ‘పల్లెటూరి పిల్ల’తో గాని దక్కలేదు. ఇందుకు ఆయన చిన్నబుచ్చుకోలేదనే చెప్పాలి. సొంత సంస్థకు పెట్టినది భార్య పేరే! ఆ అంజలీ పిక్చర్స్ నుంచే ‘పరదేశి’ (1953), ‘అనార్కలి’ (1955), ‘సువర్ణసుందరి’ (1957) వెలువడ్డాయి. ‘సువర్ణసుందరి’ కోసం ఘంటసాల, జిక్కి పాడిన రాగమాలిక హిందీలో రఫీ, లతా మంగేష్కర్‌ల గళాన ఉత్తరాదినీ ఓలలాడించింది. పాట తెలిసినంతగా స్వరకర్త పేరు నేటి యువతకు తెలియకపోవడం విచారకరం. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’కూ స్వరాలు సమకూర్చిన ఆయన 1991లో కన్నుమూశారు.