తెలంగాణ ఉరిఖైదీల వకీలు ప్రిట్

తెలుగువారు గుర్తుంచుకోవలసిన ఇంగ్లీషు వకీలు డెనిస్ నోవెల్ ప్రిట్ (1887–1972). లండన్ బారిస్టరు. 1935లో లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1940లో ఆ పార్టీయే ఆయనను బహిష్కరించింది. హో చి మిన్ అప్పీలులో ఆయన పక్షాన నిలిచారు.

1951లో తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్ష పడినవారి కోసం మన సుప్రీంకోర్టులో వాదించారు. 1949లో ప్రత్యేక ట్రిబ్యునల్ విచారణప్పుడు వకీలును పెట్టుకునే అవకాశం దక్కలేదన్నది వారి ఫిర్యాదు. హైదరాబాదు హైకోర్టు తీర్పు రాజ్యాంగం రాకముందుది కాబట్టి అప్పీలు కుదరలేదు. వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదంటూ రిట్లనూ కోర్టు కొట్టేసింది. అయినా ఆ ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి. 1952–53లో కెన్యాలో జోమో కెన్యాట్టా తరఫున వాదించినా శిక్ష తప్పలేదు.

కింది కోర్టులో వకీలు లేని లోటును పైకోర్టులో ఎంతటి వకీలైనా పూడ్చలేడని ఈ జీవితం మనకు చెబుతోంది. నేడు 1987 నాటి చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలుకు అర్హులు. ఏ రాష్ట్రంలో స్థిరపడ్డా, మనవారికి కేసు వస్తే మొదటి వాయిదాకే జిల్లా న్యాయసేవాధికార సంస్థ తలుపు తడదాం.